పాత నీరు, కొత్త ఘటము

వేదాంతము చదివినవారికి ఘటము పరిచితమైన మాట. గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికల అద్వైతప్రకరణములో జీవుని ఘటాకాశముతో పోల్చిరి. యాకుత్‌పురా స్టేషనులో ఎంఎంటీఎస్ రైలెక్కి హైటెక్ సిటీకి పోవు ఒక యువకునికి మాత్రము ఘటమనగా 'కంటైనర్'. వైద్యపరీక్షలు చేయు ఒక సంస్థ కంప్యూటర్ వ్యవస్థను కాపాడుట అతని వృత్తి. అతని తల్లి రక్తపరీక్షల ఫలితములును అందే భద్రపరచబడి యున్నవి.

కంటైనర్‌కు మూలము 'ఇమేజ్'. దానిని నిర్మించు విధులన్నియు 'డాకర్‌ఫైల్' అను పత్రములో వరుసగా వ్రాయబడి యుండును. 2013లో డాకర్ వెలువడిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. ప్రోగ్రాములో మార్పు చేర్చిన ప్రతిసారి ఇమేజ్‌ను మరల నిర్మించి పరీక్షించు యంత్రక్రమమే 'సీఐ పైప్‌లైన్'.

ఒకనాడు ఆ వ్యవస్థ ఆధారపడిన ఒక లైబ్రరీలో భద్రతాదోషము బయటపడెను. సహోద్యోగి ఒకరు నడుచుచున్న కంటైనర్‌లోనికే ప్రవేశించి దోషమును సరిచేసిరి. మరునాడు ఆ కంటైనర్‌ను తొలగించి మరియొకటి నిలుపగా దోషము యథాతథముగా తిరిగి వచ్చెను. ఘటములో చేసిన మరమ్మతు ఘటముతోనే పోవును. మూలమైన ఇమేజ్ మారలేదు గదా! అప్పుడు యువకుడు పైప్‌లైన్ ద్వారా ఇమేజ్‌ను మరల నిర్మించెను. విజయసూచకమైన పచ్చని గుర్తు వెలిగెను. దోషము మాత్రము పోలేదు.

దీనికి కారణము 'క్యాష్'. డాకర్‌ఫైల్‌లోని విధులు ఇమేజ్‌లో పొరలను ఏర్పరచును. ఆజ్ఞను నడుపు విధివాక్యములో అక్షరమైనను మారనిచో, దాని ముందున్నవియు మారనిచో, యంత్రము ఆ పనిని మరల చేయక నిలువయున్న పొరనే తెచ్చి పెట్టును. 'నవీకరింపుము' అను ఆజ్ఞ పత్రములో ఉన్నను, దాని ఫలము ఎన్నడో చేసిన పాతదే.

అర్చనలో మంత్రము నిత్యము అదే. నీరు మాత్రము ఏనాటికానాడు తేవలెను. పర్యుషితజలము పూజకు పనికిరాదు. (గంగాజలమునకు, తులసికి మినహాయింపు కలదు; ఆ వివేకము ఇచటను అవసరమే.) ప్రతి చిన్న మార్పునకు క్యాష్ అంతయు త్యజించినచో పని సాగదు. కావున యువకుడు పగటి నిర్మాణములకు క్యాష్‌ను ఉంచి, ప్రతి రాత్రి ఆధార ఇమేజ్‌ను కొత్తగా తెప్పించి, క్యాష్ లేకుండ సంపూర్ణముగా పునర్నిర్మించు ఏర్పాటు చేసెను. ఆ రాత్రి దోషము తొలగినది.

అయితే ఘటాకాశదృష్టాంతము ఇచట పూర్తిగా సరిపోదు. ఒక ఘటములోని ధూళి, ధూమము ఇతర ఘటాకాశములను అంటవని కారికల తాత్పర్యము. మహాకాశము సదా నిర్మలము. ఒక యంత్రముపై నడుచు కంటైనర్లన్నిటికి ఆధారమైన 'కెర్నెల్' అట్టిది కాదు. దానికి దోషము పట్టినచో అన్నిటికిని ముప్పే. ఎన్ని ఇమేజ్‌లు పునర్నిర్మించినను ఫలము లేదు. యంత్రమునే నవీకరింపవలెను. ఆ పని వేరొక బృందమునది. వారికి లేఖ వ్రాసి అతడు ఇంకను ఎదురుచూచుచున్నాడు.