మా యింటి దండెము

శ్రావణమాసమున మా కాకినాడలో ఉతికిన బట్ట ఆరుట యొక వ్రతము. గాలిలోనే తేమ నిండియుండగా తడిబట్టలోని నీరు ఎచ్చటికి పోవును? బట్టల నారబెట్టు యంత్రము మా యింట లేదు. వసారాలో కట్టిన రెండు దండెములే మాకు దిక్కు.

మొదట మేము జల్లు కొట్టునని తలుపులన్నియు మూసి, బట్టపై బట్ట వేసెడివారము. రెండు దినములైనను ఆరక చెమ్మవాసన కొట్టెడివి. పిదప అనుభవమున నేర్చితిమి. గట్టిగా పిండి, పొడి తువాలులో చుట్టి యొత్తి, బట్టకును బట్టకును జానెడు ఎడముంచి, ఎదురెదురు కిటికీలు తెఱచి పంకా త్రిప్పినచో, ఉదయము వేసిన పలుచని బట్టలు సాయంకాలమునకు ఆరును. బట్ట నారబెట్టునది ఎండ యొక్కటియే కాదు, కదలెడి గాలియును.

ఇది తెలిసియు నొక్కయెడ మేము పొరపడితిమి. మా పెద్దకుమార్తె బహిష్టు గుడ్డలను, అత్తగారి కాలపు వాడుకచొప్పున, చీరల మాటున ఆరవేయించితిమి. అవి తేమతోనే పెట్టెకు చేరెడివి. పిల్ల దురదతో బాధపడియు సిగ్గుచే చెప్పలేదు. వైద్యురాలు విని, "సబ్బుతో నుతికి ఎండలో పూర్తిగా ఆరబెట్టుడు. ఎండ లేనినాడు గాలి తగులుచోటనైనను వేయుడు" అని చెప్పిరి. మేము తల వంచుకొంటిమి.

ఇప్పుడు మబ్బు విడినంతనే ఆ గుడ్డలే ముందుగా పెరటి దండె మెక్కుచున్నవి. మొదటి దినమున అత్తగారు మొగము త్రిప్పుకొనిరి. మఱునాడు చినుకు పడగానే వానిని పరుగున లోనికి తెచ్చినవారు వారే!

సోదరీమణులారా, మీ యింటి దండెముపై వానికి చోటున్నదా?