టక్కుమన్నాక

మా వారు విశాఖ ఉక్కులో ఫిట్టరు. మొన్న ఆదివారం గాజువాకలో మా వాకిట్లో కారు చక్రం మార్చి, మూరెడు టార్క్ రెంచి నా చేతికిచ్చారు. "100 న్యూటన్ మీటర్లకు పెట్టాను. మీటరు కాడ చివర పది కిలోలు వేలాడేసినంత అనుకో. టక్కుమనగానే ఆపెయ్!"

"ఆ టక్కు ఎక్కణ్ణించి వస్తుందండీ?"

"గొట్టంలో గట్టి స్ప్రింగుంటుంది. పిడి తిప్పినకొద్దీ అది నొక్కుకుంటుంది. దాని ముందున్న చిన్న ఉక్కు దిమ్మ, రెంచి తల తోకను కదలకుండా పట్టుకుంటుంది. బిగింపు అంకె దాటిందా, దిమ్మ ఒరిగిపోయి తోక గొట్టం గోడకు కొట్టుకుంటుంది. అదే టక్కు."

"ఇంక బిగుసుకోదన్నమాట!"

"ఎందుకు బిగుసుకోదూ? అది చెబుతుందంతే. ఆగాల్సింది చెయ్యి. ఆగకపోతే బోల్టు సాగిపోతుంది, తెగినా తెగుతుంది."

టక్కుమంది. చెయ్యి ఆగింది గానీ, మనసు ముందురోజు రాత్రికి వెళ్లింది. మార్కుల గురించి అమ్మాయిని నిలదీస్తుంటే, ఒకచోట "సరేలే అమ్మా" అని ఊరుకుంది. దారికొచ్చిందనుకుని ఇంకో అరగంట బిగించాను. అదే టక్కని నాకేం తెలుసు!

పనయ్యాక ఆయన పిడిని వెనక్కి తిప్పి, అన్నిటికన్నా తక్కువ అంకెకు తెచ్చి పెట్టెలో పెట్టారు. "బిగువుగా వదిలేస్తే స్ప్రింగు నీరసిస్తుంది. తర్వాత దాని మాట నమ్మలేం" అన్నారు.

ఆ రాత్రి అమ్మాయి తలకు నూనె రాస్తూ కూర్చున్నాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కాసేపటికి అదే నోరు విప్పింది.

"అమ్మా, లెక్కల్లో ఎన్నొచ్చాయంటే..."