ఎన్నో వారం అమ్మా?

గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లను ఎత్తుకొచ్చిన కుటుంబానికి కారణం డాక్టరు చెప్పనక్కర్లేదు. అది వాళ్ల దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ‘‘ఆరో నెల్లో గ్రహణం పట్టింది బాబూ. మంచం దిగొద్దే అన్నాను. ఇన్నాదా? కత్తిపీట ముందు కూకుంది’’ అని అత్తగారు చెబుతూంటే, కోడలు తల దించుకుని పిల్ల మూతి మీదికి పమిట కొంగు లాగుతుంది. విశాఖపట్నంలో పిల్లల డాక్టరుగా ఈ దృశ్యం నాకు కొత్త కాదు. జాలరిపేట నుంచి ఆటోలో వచ్చినవాళ్లూ ఇదే చెబుతారు, స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ నుంచి కారులో వచ్చినవాళ్లూ ఇదే చెబుతారు. రెండోవాళ్లు కాస్త మొహమాటపడుతూ చెబుతారు, అంతే.

నేను గ్రహణాల మీద వాదన పెట్టుకోను. ఒకటే అడుగుతాను: అప్పటికి ఎన్నో వారం అమ్మా?

కడుపులో బిడ్డ పైపెదవి ఒక్క ముక్కగా మొలవదు. రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చిన కండ ముక్కు కింద కలుసుకుని అతుక్కుంటే పెదవి అవుతుంది. ఆ అతుకు ఏడో వారానికల్లా పడిపోతుంది. అంగిలి మరికొంత ఆలస్యం, పన్నెండో వారానికి పూర్తవుతుంది. అతుక్కున్న పెదవి ఆరో నెలలో మళ్లీ చీలదు. చీలిక ఉందంటే అది కత్తిపీట ముందు కూర్చున్న రోజుకి నాలుగు నెలల ముందే ఉంది. అత్తగారికి ఇది వేళ్ల కణుపుల మీద లెక్కకట్టి చూపిస్తాను. నా డిగ్రీలను నమ్మని పెద్దావిడ కూడా నెలల లెక్కను నమ్ముతుంది, అది ఆవిడకు నాకంటే బాగా తెలిసిన విద్య. మన రాష్ట్రంలో ఇలాంటి పిల్లలు ఎందరు పుడుతున్నారో చూసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. అందులో తేలింది వెయ్యి మందికి ఒకరు, కాస్త పైన. ఆపరేషన్‌తో సరిచేయగల లోపం ఇది. కోడలి మీద పడ్డ నిందకు మాత్రం ఆపరేషన్ లేదు. అందుకే ఆ లెక్క అత్తగారి ఎదుటే చెబుతాను, పక్కకు పిలిచి చెప్పను.

పుట్టుకతో వచ్చే లోపాల మీద గత ఎనభై ఏళ్లలో జరిగిన పరిశోధన చాలావరకు ఈ వారాల లెక్కే. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, పుట్టుకతోనే శుక్లాలున్న పిల్లలు వరసగా రావడం చూసి, తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా సోకిందని పట్టుకున్నాడు. తర్వాత థాలిడోమైడ్. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ మాత్రను 1961లో ఆపేలోగా పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అక్కడి డాక్టరు విడుకిండ్ లెంజ్ తల్లులను కూర్చోబెట్టి, మాత్ర ఏ రోజు మింగారో అడిగి రాసుకున్నాడు. గర్భం నిలిచిన ఇరవయ్యో రోజుకీ ముప్ఫై ఆరో రోజుకీ మధ్య మింగితేనే దెబ్బ. అందులోనూ ముందు రోజుల్లో అయితే చెవులు, ఆ తర్వాత చేతులు, చివర్లో కాళ్లు. ఒక్క మాత్రే, రోజు మారితే లోపం మారింది. ఈ మాట నేర్చుకున్న డాక్టరు ఎవరూ ‘గర్భిణికి మంచిది కాదు’ అని ఊరికే అనలేరు. ఎప్పుడు మంచిది కాదో చెప్పాలి.

2020 మే 7 తర్వాత నాకు ఈ లెక్క బాగా అవసరపడింది. ఆ రోజు తెల్లవారుజామున మా ఊరి శివారు ఆర్.ఆర్. వెంకటాపురం మీద ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. పన్నెండు మంది చనిపోయారు. కేజీహెచ్ ఆసుపత్రి వార్డులు నిండిపోయాయి. ఆ తర్వాతి వారాల్లో గర్భిణులు రావడం మొదలైంది. కళ్లమంటలు, దగ్గు తగ్గిపోయాయి, భయం తగ్గలేదు. కాన్పు డాక్టర్లు స్కాన్‌లు తీసి, ‘పిల్లల డాక్టరుతోనూ ఒకమాట మాట్లాడండి’ అని పంపేవారు. ఒకామెకు ఏడో నెల. ఇంకొకామెకు ఎనిమిదో వారం. ఇద్దరూ అడిగింది ఒకటే, ‘‘పిల్లకేటీ అవదు కదా బాబూ?’’ అని. ఇద్దరికీ చెప్పాల్సింది మాత్రం ఒకటి కాదు. ఏడో నెలామెకు: అవయవాలన్నీ ఏర్పడిపోయాయి, ఇప్పుడు చూడాల్సింది బిడ్డ ఎదుగుదల, నెలలు నిండకుండా నొప్పులు రాకుండా ఉండటం. ఎనిమిదో వారామెకు అంత సులువుగా చెప్పలేకపోయాను. గుండె గదులు కట్టుకోవడం ముగిసే వారం అది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో స్టైరీన్ అవకరాలు తెచ్చిన స్పష్టమైన రుజువు లేదు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల మీద చేసిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక్క రాత్రిలో అంత మోతాదు పీల్చిన గర్భిణుల సంగతి పుస్తకాల్లో లేదు. ఇదంతా ఆమెకు తెలుగులో, భయపెట్టకుండా, దాచకుండా చెప్పి, గుండె స్కాన్ ఏ వారంలో చేయించాలో రాసిచ్చాను.

ఆమెకు బిడ్డ బాగానే పుట్టాడు. వాడు బాగా పుట్టడం స్టైరీన్‌కి యోగ్యతాపత్రం కాదు. ఆ ఊళ్లో మరో బిడ్డ లోపంతో పుట్టి ఉంటే అదీ రుజువు కాదు. ఏ గ్యాసూ లేని ఊళ్లో కూడా వందలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. ఆ తర్వాత పెరిగిందా లేదా అని తేల్చాలంటే అంతకుముందు ఎంత ఉందో రాసి ఉండాలి. నేను చూసిన కాన్పుల రిజిస్టర్లలో బిడ్డ గురించి రాసే గడి చిటికెన వేలంత. అందులో ‘నార్మల్’ అని ఉంటుంది, లేకపోతే ‘అబ్‌నార్మల్’ అని. ఏమి అబ్‌నార్మల్? వేలా, వెన్నా, గుండా? రాసిన నర్సుకు తీరిక లేదు, అడిగినవాళ్లూ లేరు. థాలిడోమైడ్ దెబ్బ తిన్న దేశాలు ఆ తర్వాత చేసిన మొదటి పనుల్లో ఒకటి అవకరాల పట్టిక పెట్టుకోవడం. మన దగ్గర చెన్నైలో ఒక స్వచ్ఛంద సంస్థ 2001లో ఆసుపత్రుల నుంచి వివరాలు కూడగట్టి పట్టిక మొదలుపెట్టింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంతో పుట్టిన ప్రతి బిడ్డనూ లోపాల కోసం చూడాలన్న నియమం వచ్చింది, జిల్లాల్లో అలాంటి పిల్లల కోసం కేంద్రాలు వచ్చాయి. ఆ పరీక్షకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. అంగిలి మీద వేలు పెట్టి చూడాలి, వెన్ను మీద చెయ్యి నిమరాలి, మలద్వారం ఉందో లేదో చూడాలి.

పోర్టు దుమ్ము సంగతీ ఇలాగే ఉంది. జ్ఞానాపురం వైపు ఆరేసిన బట్టల మీద నల్లపొడి చూపించి, బిడ్డ గుండెలో రంధ్రానికి ఇదే కారణమా అని అడుగుతారు. దుమ్ము పీల్చిన తల్లులకు బరువు తక్కువ పిల్లలు పుడతారని గట్టి ఆధారాలున్నాయి. గుండె లోపాల గురించి అంత గట్టిగా ఎవరూ చెప్పలేరు. దుమ్ము తగ్గించడానికి ఆ మొదటి కారణం చాలదా అన్నది నా ప్రశ్న.

గట్టిగా చెప్పగలిగినది ఫోలిక్ యాసిడ్ గురించి. అది మనవాడి పని కూడా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేయించాడు. అంతకుముందు బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను మార్మైట్‌తో నయం చేసి, అందులో ఏదో పదార్థం ఉందని 1931లో చెప్పిన డాక్టరు లూసీ విల్స్. ఆ పదార్థమే ఇది. సుబ్బారావు బృందమే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినాప్టెరిన్ అనే మందునూ చేసింది. దాంతో 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. 1950ల మొదట్లో కొందరు దాన్నే గర్భస్రావానికి వాడారు. గర్భం పోనిచోట పిల్లలు పుర్రె ఎముకలు సరిగా లేకుండా పుట్టారు. ఫోలిక్ యాసిడ్ అందకపోతే కడుపులో బిడ్డకు ఏమవుతుందో అలా, ఎవరూ కోరని దారిలో, తెలిసింది.

బిడ్డ వెన్నుపాము మొదట్లో పలచటి పొర. చాప చుట్టినట్టు రెండంచులూ లేచి గొట్టంగా మూసుకుంటుంది. గర్భం నిలిచిన ఇరవై ఎనిమిదో రోజుకి ఆ పని అయిపోవాలి. మూసుకోకపోతే తల పైభాగమే ఏర్పడదు, లేదా వీపు మీద నీటి గడ్డతో పుడతాడు. ఆ గడ్డను పిల్లల సర్జన్ మూసినా, కాళ్లలో బలం, మూత్రం మీద అదుపు చాలామందికి రావు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేసిన ప్రయోగంలో, ఒకసారి ఇలాంటి బిడ్డను కన్న తల్లులకు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. మన ఐసీఎంఆర్ కూడా అప్పుడు అలాంటి ప్రయోగమే నడుపుతోంది. లండన్ ఫలితం తెలిశాక సగం మందికి మందు లేని మాత్ర ఇవ్వడం న్యాయం కాదని ఆపేసింది. అప్పటికి చేరిన లెక్కలను 2000లో ప్రచురించింది: మాత్ర వాడినవాళ్లలో 2.92 శాతం, వాడనివాళ్లలో 7.04 శాతం.

ఇంత తెలిసీ వీపు గడ్డల పిల్లలు ఎందుకొస్తున్నారు? మళ్లీ వారాల లెక్కే. ఇరవై ఎనిమిదో రోజుకి తల్లికి నెల తప్పి రెండు వారాలు. చాలామందికి అప్పటికి అనుమానమే వచ్చి ఉండదు. ఆశా కార్యకర్త పేరు రాసుకుని ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉన్న ఎర్రమాత్రలు చేతిలో పెట్టేసరికి మూడో నెల. గొట్టం మూసుకుని, లేదా మూసుకోక, నెల దాటింది. మాత్ర పెళ్లినాటికే మొదలవ్వాలి. పెళ్లిలో లగ్నం నిమిషాలతో సహా చూసుకునే మనకు ఈ ముహూర్తం పట్టదు.

రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వచ్చాయి. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని పుకారు పుట్టి, ఆ గింజలు నీళ్లలో తేలగానే ఏరి పారేసిన ఇళ్లు నాకు తెలుసు. గాజువాక నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ వాటిని కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా టేబుల్ మీద పోసింది. పక్క గింజలకన్నా కొంచెం పసుపు, అంతే. వండుకోమన్నాను. అయితే అవి సరిపోతాయని అనను. నియమం ప్రకారం కిలో బియ్యంలో ఉండాల్సింది 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. బిడ్డను కనబోయే స్త్రీకి రోజుకు మాత్రగా కావలసింది 400. మూడుపూటలా అన్నమే తిన్నా అందదు.

కేలండరుకు చిక్కని కారణం మేనరికం. ఇక్కడ ఏ వారమని అడిగి లాభం లేదు, గర్భం నిలిచినప్పుడే నిర్ణయమైపోతుంది. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పిఠాపురం ఆయన, మీరాఖాన్‌తో కలిసి 1960ల మొదట్లోనే ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల లెక్కలు తీసి ప్రచురించారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా మన రాష్ట్రంలో నాలుగోవంతు పెళ్లిళ్లు దగ్గరి బంధుత్వంలోవే. అనకాపల్లి వైపు నుంచి ఒక జంట వచ్చేది. మేనమామ, అక్కకూతురు. ఇద్దరు పిల్లలకూ వినపడదు. ‘‘మా అక్క కూతురే కదా, బయటి సంబంధమైతే అనుమానించాలి గానీ’’ అన్నాడు ఆయన. ఒకే జన్యువులో ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండి, రెండూ బిడ్డకు చేరితేనే ఇలా అవుతుందనీ, ఒక్కరి తప్పు కాదనీ కాగితం మీద గీసి చూపిస్తే భార్య మొహంలో రంగు మారింది. అప్పటిదాకా ఇంట్లో అది ఆమె కడుపు దోషం. మేనరికమని ప్రతి జంటనూ బెదరగొట్టడం నాకిష్టం లేదు. బావామరదళ్ల పెళ్లిలో మామూలుగా ఉండే రెండు మూడు శాతం ముప్పుకు ఇంకో రెండు మూడు శాతం కలుస్తుంది. ఎక్కువమందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. మేనమామతో పెళ్లిలో ముప్పు అంతకన్నా ఎక్కువ. ఒక బిడ్డకు లోపం కనిపించాక మాత్రం లెక్క మారిపోతుంది. తర్వాతి కాన్పుకు నాలుగో వంతు. ఆ మాట రెండో బిడ్డకు ముందే వాళ్లకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇన్ని చెప్పినా, లోపంతో పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కేసుల్లో కారణం ఫలానా అని వేలు పెట్టి చూపలేం. ఆ మాట తల్లితో సూటిగానే అంటాను. కారణం తెలియదంటే నీ తప్పు కాదని కూడా అర్థం అని కలుపుతాను. కొందరు నమ్ముతారు.

ఈ మధ్య ఒక కేసు నాకు తృప్తినిచ్చింది. చిన్నప్పటి నుంచి నేను చూసిన పిల్లే. మూర్ఛలకు వాల్‌ప్రొయేట్ వాడేది. పెళ్లి కుదిరాక తల్లితో వచ్చింది. ఆ మాత్ర గర్భంలో వాడితే పదిమందిలో ఒక బిడ్డకు పెద్ద లోపం రావచ్చు. వెన్ను మూసుకోకపోవడానికీ దానికీ ఉన్న సంబంధాన్ని 1982లోనే ఫ్రాన్సులో లియోన్ నగరంలో గుర్తించారు. తల్లి అప్పటికే మాత్ర మాన్పించేద్దామని చూస్తోంది, అది ఇంకా ప్రమాదం. మూర్ఛ డాక్టరు దగ్గరికి పంపితే ఆయన మెల్లగా మందు మార్చాడు. ఐదు మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాం. ‘‘పిల్లలు పుట్టకముందే ఈ మాత్రలేటండీ’’ అని అత్తవారు గొణిగారట. భర్త నిలబడ్డాడు. మొన్న ఇద్దరూ వచ్చారు. ఏడో వారం. ‘‘ఇంక భయం లేదు కదండీ?’’ అన్నాడు. ముప్పు బాగా తగ్గిందనీ, ఎవరికైనా ఉండే ఆ రెండు మూడు శాతం మాత్రం అలాగే ఉంటుందనీ చెప్పి, పద్దెనిమిది నుంచి ఇరవై వారాల మధ్య టిఫా స్కాన్ చేయించుకోమని చీటీ మీద తేదీ వేసిచ్చాను.