యాభై గినీల గుర్రం

మా ఇంట్లో గుర్రప్పందేల ఊసు ఎత్తకూడదు. నా చిన్నప్పుడు నాన్న సెలవు రోజుల్లో మలక్‌పేట వెళ్ళేవాడు. వెళ్ళేటప్పుడు చేతిలో రేసు పుస్తకం ఉండేది, వచ్చేటప్పుడు అదీ ఉండేది కాదు. అమ్మ గాజులు రెండు అలాగే పోయాయి. నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది ఆయన మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవ్వరం అడగలేదు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను, మొన్నో రిలీజ్ రాత్రి నిద్ర ఆపుకోవడానికి, డెక్కన్ డెర్బీలో ఉన్న ఆ 'డెర్బీ' ఎక్కడిదా అని చదువుతూ కూర్చున్నాను.

ఎక్కడిదంటే, లండన్‌కి దక్షిణాన ఎప్సమ్ పచ్చికమెట్టలది. పన్నెండో ఎర్ల్ ఆఫ్ డెర్బీకి ఆ దగ్గర్లో 'ది ఓక్స్' అని ఓ ఇల్లుండేది. 1779లో మూడేళ్ళ ఆడగుర్రాలకి పందెం పెట్టి, దానికి అక్షరాలా ఇంటి పేరే తగిలించారు. గెలిచింది కూడా ఎర్ల్ గారి బ్రిడ్జెట్టే. మరుసటేడు మగా ఆడా కలిపి ఇంకో పందెం. దానికి ఎర్ల్ పేరు పెట్టాలా, సర్ చార్ల్స్ బన్‌బరీ పేరు పెట్టాలా అన్నది నాణెం ఎగరేసి తేల్చారంటారు. కట్టుకథే అయ్యుండొచ్చు. నిజమైతే మాత్రం, ఆ నాణెం ఇంకోవైపు పడుంటే మనం ఇవాళ డెక్కన్ బన్‌బరీ అంటుండేవాళ్ళం.

1780 మే 4న తొమ్మిది గుర్రాలు పరిగెత్తాయి. అప్పుడు దూరం మైలే, మైలున్నర చేసింది 1784లో. గుర్రాన్ని దింపాలంటే 50 గినీలు కట్టాలి. గెలిచింది డయోమెడ్, బన్‌బరీ గుర్రం. పేరు దక్కనాయనకి పందెం దక్కింది. చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడ కాస్త నవ్వుకుని ముందుకెళ్ళిపోతారు. నేను ఆ గుర్రం దగ్గరే ఉండిపోయాను.

ఎందుకంటే ఆ తర్వాత డయోమెడ్‌కి అన్నీ దిగుళ్ళే. పరుగు తగ్గింది. జత కట్టించడానికి పంపితే పుట్టిన పిల్లలు పెద్దగా మెప్పించలేదు. రుసుము పడిపోయి, పడిపోయి, రెండు గినీలకొచ్చింది. 1798లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, దాన్ని అమెరికాకి అమ్మేశారు. ధర 50 గినీలు. ఒకప్పుడు డెర్బీలో దిగడానికి కట్టినంత! వర్జీనియాలో కొన్న జాన్ హూమ్స్‌ని, ఆ గుర్రం పనికిరాదని ఇంగ్లండు నుంచి హెచ్చరించారు కూడా. ఆయన వినలేదు. కొని, ఎన్నో రెట్లు ఎక్కువకి తిరిగి అమ్ముకున్నాడు.

అక్కడ ఆ ముసలి గుర్రానికి 1805లో సర్ ఆర్చీ పుట్టింది. సర్ ఆర్చీ మునిమనవడు లెక్సింగ్టన్. అమెరికాలో గెలుపుగుర్రాల తండ్రుల పట్టికలో లెక్సింగ్టన్ పదహారుసార్లు మొదటిస్థానంలో నిలిచింది. డయోమెడ్ 1808లో పోయింది. కాబట్టి ఇదేమీ చూడలేదు, బన్‌బరీకి మాత్రం ఇంకా ఆయుష్షుంది.

ఆదివారం భోజనాల దగ్గర, ఏ ధైర్యమొచ్చిందో, ఇదంతా నాన్నకి చెప్పేశాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఆ మొదటి డెర్బీలో ఫేవరెట్టేనా అది?"

"ఫేవరెట్టే. నాలుగుకి ఆరు."

"అయితే పెద్దగా ఏమీ రాదు," అన్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ గొంతు విన్నాను.

అమ్మ వంటింట్లోంచి మజ్జిగ గిన్నెతో వచ్చింది. అంతా వింటూనే ఉంది కాబోలు.

"యాభై పెట్టి ముసలి గుర్రాన్ని ఇంటికి తోలుకొస్తే, ఆ అమెరికా ఆయన్ని పెళ్ళాం ఏమీ అనలేదా?"

నాన్న మజ్జిగ పోసుకున్నాడు.