పాట మధ్యలో ఆగిన అవ్వ

మర్రిగూడ మండలం నుంచి ఒక అవ్వ మనవణ్ని తీసుకొని నల్లగొండలో డాక్టరునైన నా దగ్గరికి వచ్చింది. పిల్లవాడికి రెండున్నరేళ్లు. "మాటలు వస్తలేవు సారూ. అవ్వా అని గూడ పిలుస్తలేడు" అన్నది. వాడి చూపంతా చేతిలోని ఫోను మీదే ఉంది. అందులో పిల్లల పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

"ఇంత చిన్నోనికి ఫోనెందుకిచ్చినవ్ అవ్వా?" అని కొంచెం కటువుగానే అడిగాను.

"నడుము వంగది, మెడ తిరుగది సారూ. పోరడు ఉరికితే నేను పట్టుకోలేను. అమ్మా నాయినా కూలికి పోతరు. ఫోనిస్తే ఒక్కకాడ కూసుంటడు."

ఆ జవాబు విన్నాక మందలించడానికి నాకు నోరు రాలేదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ల జనం దశాబ్దాల పాటు అంతకు మించిన బోరు నీళ్లు తాగారు. ఆ ఫ్లోరైడు ఎముకల్లో చేరి, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లను గట్టిపరిచింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి గానీ, బిగుసుకున్న ఆ వెన్ను మళ్లీ వంగదు. మనవడు బావి వైపో, రోడ్డు మీదికో పోకుండా చూసుకోవడానికి ఆమెకు దొరికిన దారి ఆ ఫోనే.

పరీక్షలు చేయించాను. వినికిడి బాగుంది. కావలసింది వేలు పెట్టి చూపిస్తున్నాడు, కళ్లలోకి చూస్తున్నాడు. అవ్వను అడిగాను: "బతుకమ్మ పాటలు వస్తయా?"

"ఎందుకు రావు సారూ? కాళ్లు ఆడినన్నాళ్లు మా వాడకట్టుల పాట ఎత్తుకున్నది నేనే."

ఆ రోజు చీటీ మీద సిరప్ రాయలేదు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట అవ్వ మంచం మీద కూర్చొని, స్టీలు పళ్లెం మీద తాళం వేస్తూ పాడాలి. పిల్లవాడు మంచం చుట్టూ తిరగాలి. తాళం ఆగితే వాడూ ఆగాలి. బతుకమ్మ పాటలో చరణం చివర ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కదా, అక్కడికి రాగానే అవ్వ పాట ఆపేసి, వాడి ముఖం చూస్తూ మనసులో అయిదు లెక్కపెట్టాలి. వాడు ఏ చప్పుడు చేసినా సంతోషపడి పాట అందుకోవాలి.

రెండు వారాలకు తాళం ఆగితే ఆగడం నేర్చాడు. రెండో నెలలో నా గదిలోనే అవ్వ బల్ల మీద దరువేసి పాడింది, చరణం చివర ఆగింది. వాడు ఆ మాటలో సగం పలికాడు. మెడ తిరగదు గనుక అవ్వ ఒళ్లంతా తిప్పి వాణ్ని చూసుకుంది.

ఇందులో మహిమేమీ లేదు. తాళం ఉంటే తర్వాత ఏ మాట వస్తుందో, ఎప్పుడు వస్తుందో పిల్లలకు ముందే తెలుస్తుంది. తెలిసిన చోట ఖాళీ కనబడితే నింపబుద్ధవుతుంది. ఒకరు అనడం, ఒకరు వినడం, మళ్లీ ఈ వైపు అనడం: సంభాషణంటే ఇదే. ఫోనులో పాట పిల్లవాడు పలికినా పలకకపోయినా సాగిపోతుంది. అవ్వ వాడి కోసం ఆగుతుంది.

పాటతో అన్నీ నయమవుతాయని మాత్రం అనను. దేవరకొండ వైపు నుంచి పద్నాలుగు నెలల పాపను తెచ్చారు. పలుకు లేదు. ఇంట్లో టీవీ మోత ఎక్కువని విని, టీవీ తగ్గించి మూడు నెలల తర్వాత రమ్మన్నాను. ఈలోగా సద్దుల బతుకమ్మ వచ్చింది. డప్పుల పక్కనే పాప తల్లి భుజం మీద కదలకుండా నిద్రపోయింది. మర్నాడు పాప అరచేతిని డప్పు మీద ఆనించి కొడితే మాత్రం కిలకిలా నవ్విందట. ఈ సంగతి తల్లే గమనించి వచ్చి చెప్పింది. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్షలో రెండు చెవులకూ తీవ్రమైన లోపం తేలింది. వినికిడి యంత్రాలు పెట్టించాం. ముందుగా చెవులు పరీక్షించకపోవడం నా తప్పు. పాపకు ఆ రోజులు తిరిగి రావు. అప్పటి నుంచి మాటల ఆలస్యమని ఎవరొచ్చినా మొదట రాసేది వినికిడి పరీక్షే.

పాలమూరు పల్లెల్లో సంగతి వేరు. కోస్గి దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మమ్మ మూడేళ్ల మనవరాలిని తెచ్చింది. తల్లిదండ్రులు ముంబైలో కట్టడం పనికి పోయారు. "మీరు ఫోను వద్దన్నరని వాళ్ల నాయిన వీడియో కాల్ గూడ బంద్ చేసినం సారూ, పిల్ల బెంగ పెట్టుకున్నది" అన్నది. నా మాట అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. ఆ కాల్ మళ్లీ మొదలుపెట్టించాను. తండ్రి అక్కడ చప్పట్లు కొట్టి ఆగితే పిల్ల ఇక్కడ కొట్టాలి, పిల్ల గెంతితే తండ్రీ గెంతాలి. ఆ ఫోనులో ఉన్నది బిడ్డ కోసం ఆగే మనిషి.

ఏ ఇంట్లోనైనా ఇవి చేయవచ్చు. నెలల పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా ముఖం పెట్టి పాడండి. పాట విని తల ఎత్తుతారు. మెడ నిలిచాక ఒళ్లో కూర్చోబెట్టి మెల్లగా ఊపండి, ఎగరేయొద్దు. ఏడాది దాటాక పాటలో ఖాళీలు వదలండి. మూడేళ్లు దాటాక చెమ్మచెక్క, కోలాటం ఆడించండి. కుడిచేయి ఎడమవైపుకు పోవడం, ఎదుటివారి దెబ్బ కోసం ఆగడం అక్కడే అలవడతాయి. సీసాలో పల్లీలు పోసి గిలక చేసివ్వకండి. మూత ఊడి పల్లి గొంతులోకి పోతే ప్రాణాపాయం.

ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ల లోపు తెర వద్దంది, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా గంటకు మించొద్దంది. ఏడాది నిండినా సైగలు, ముద్దుపలుకులు లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో (డైక్) ఈ పిల్లలను ఉచితంగా చూస్తారు.

"మాకు పాటలు రావు సార్" అని పట్నంలో చదువుకున్న తల్లిదండ్రులే ఎక్కువగా అంటారు. గొంతు బాగుండాలని ఏ బిడ్డా అడగదు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఫోను పక్కన పెట్టి, మీ అమ్మ దగ్గరో అత్త దగ్గరో ఒక పాట నేర్చుకొని పాడండి. చివరి మాట దగ్గర ఆగి, మీ బిడ్డ కోసం అయిదు లెక్కపెట్టండి.