ఢిల్లీ అడిగే ప్రశ్న... మీ ఊరి సంగతేంటి?

వినుకొండ దాటి శ్రీశైలం వైపు వెళ్లే బస్సెక్కితే కాసేపటికే పచ్చదనం పలచబడుతుంది. మిరప, కంది చేలు, రాళ్లు తేలిన బీళ్లు, దూరంగా నల్లమల నీలిగీత. ఆ దారిలోనే కొండమీద ఓ గుడి, కొండ కింద చెరువులో మరో గుడి కనిపిస్తాయి. అదే త్రిపురాంతకం. యాత్రికులకు ఇది శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారం. సివిల్స్ కల కనే ఇక్కడి పిల్లలకైతే ఈ ఊరే ఇంకో ద్వారం కూడా. అది తెరుచుకునేది ఢిల్లీలో, షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ భవనం ధోల్‌పూర్ హౌస్‌లో!

ప్రిలిమ్స్, మెయిన్స్ గట్టెక్కినవాళ్లకు చివరగా మిగిలేది ఇంటర్వ్యూ. మొత్తం 2,025 మార్కుల్లో దీనికి 275. కనీసం ఇన్ని రావాలన్న నిబంధనేమీ లేదు. అయినా ఐఏఎస్ అవుతారా, ఇంకో సర్వీసుతో సరిపెట్టుకుంటారా, మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే వస్తారా అన్నది చాలామందికి ఆ అరగంటలోనే తేలిపోతుంది. ఏ బోర్డు ముందు కూర్చోవాలో ఆ రోజుదాకా తెలియదు. అభ్యర్థి తన గురించి తాను రాసిచ్చిన వివరాలు మాత్రం బోర్డు ఛైర్మన్, సభ్యుల ముందు ఉంటాయి. ఊరు, చదువు, అభిరుచులు అన్నీ అందులోనివే. అందుకే మాట తరచూ సొంతూరి దగ్గరే మొదలవుతుంది.

'త్రిపురాంతకమా? ఆ పేరెలా వచ్చింది?' అని అడిగారనుకోండి. జవాబు ఎక్కడుంది? రండి, ఊళ్లోకే వెళ్లి వెతుకుదాం.

బాణం ఒకటి, పురాలు మూడు

కొండ పేరు కుమారగిరి. తారకాసురుణ్ని చంపాక కుమారస్వామి ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. ఆ తారకుడి ముగ్గురు కొడుకులే త్రిపురాసురులు. బంగారం, వెండి, ఇనుముతో కట్టిన వాళ్ల మూడు పురాలను శివుడు ఒకే బాణంతో కూల్చాడట. అలా ఆయన త్రిపురాంతకుడయ్యాడు, ఊరికీ ఆ పేరే నిలిచింది. ఆ యుద్ధంలో శివుడికి తోడుగా వచ్చిన అమ్మవారే కింద చెరువులో కొలువైన బాలాత్రిపురసుందరి అని భక్తుల నమ్మకం. పైన అయ్య, కింద అమ్మ. ఇద్దరినీ చూశాకే శ్రీశైలం వైపు సాగడం ఆనవాయితీ.

ఇదంతా ఈ ఊళ్లో ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. బోర్డు అక్కడితో ఆగుతుందా?

రాతి మీద బయోడేటా

ఆలయంలో కాకతీయుల కాలం నాటి శాసనాలు చాలానే ఉన్నాయి. వాటిలో 1290 నాటిది ఆసక్తికరం. దాన్ని వేయించినవాడు కాయస్థ అంబదేవుడు. కాకతీయులకు సామంతుడిగా ఉంటూ రుద్రమదేవిపైనే తిరగబడ్డ వీరుడు. తాను ఎవరెవరిని ఓడించాడో ఆ శాసనంలో ఏకరువు పెట్టుకున్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పక్కా బయోడేటా! దానికి ఏడాది ముందే, 1289లో రుద్రమదేవి మరణించినట్టు నల్గొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం చెబుతోంది. అంబదేవుడితో పోరులోనే ఆమె నేలకొరిగిందన్నది చరిత్రకారుల ఊహ. 1291లో కాకతీయ సైన్యం త్రిపురాంతకం మీదికి వచ్చి అంబదేవుణ్ని దక్షిణానికి తరిమింది.

రాతి మీద చెక్కినంత మాత్రాన గొప్పలన్నీ నిజమైపోవు. ఎవరు చెక్కించారు, ఎప్పుడు, ఎందుకు అని అడగగలగాలి. ఇంటర్వ్యూలో బోర్డు చూసేదీ ఆ చూపునే. తేదీలు అప్పజెప్పగలరా అన్నది మెయిన్స్‌తోనే తేలిపోయింది. ఇక్కడ తెలియనిదాన్ని 'తెలియదండీ' అని ఒప్పుకోవడం తప్పు కాదు. తెలియకుండా అల్లి చెబితేనే చిక్కు.

ఇంతకీ ఏ జిల్లా?

వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం పెద్దది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులి పేరు పెట్టారు. మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా కావాలన్న ఇక్కడివాళ్ల కోరికకు 2025లో ప్రభుత్వం సరేనంది. జిల్లా కేంద్రం దూరమైతే ఏమవుతుందో ఒంగోలు వెళ్లొచ్చినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఓ సంతకం కోసం పనిదినం పోతుంది, కూలి పోతుంది, బస్సు ఛార్జీలూ పోతాయి. పరిపాలన అంటే ఏంటని అడిగితే పుస్తకంలోని నిర్వచనం కన్నా ఇదే సూటి జవాబు.

నీళ్ల లెక్క

అసలు కష్టమైన ప్రశ్న నీళ్లది. పశ్చిమ ప్రకాశంలో చాలా పల్లెల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పళ్లు గారకట్టడం, ఎముకలు వంగడం ఇక్కడ పుస్తకాల్లో చదివే విషయాలు కావు. కృష్ణా వరద నీటిని శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాల గుండా తేవాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యం. ఒక్కో సొరంగం పొడవు 18 కిలోమీటర్లకు పైనే. తీసుకోవాల్సిన నీళ్లు 43.5 టీఎంసీలు. 1996లో శంకుస్థాపన జరిగితే, సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ అప్పటికే సివిల్స్ రాసే వయసుకొచ్చేసింది!

ఇదే నేల మీద గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు కొన్ని వందల ఏళ్లుగా నిలబడి ఉంది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు దక్కింది. ఆ కాలంలో చేయగలిగినది ఈ కాలంలో ఎందుకింత ఆలస్యమైంది? ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, పొగడడం ఇంకా సులువు. డబ్బు, అడవి, నిర్వాసితుల పునరావాసం అన్నీ తూచి, 'నేనైతే ముందు ఈ పని చేస్తాను' అనడమే కష్టం. 275 మార్కుల బరువంతా ఆ ఒక్క వాక్యం మీదే ఉంటుంది.

తెలుగులో చెప్పినా సరే

'అంత పెద్దవాళ్ల ముందు ఇంగ్లిషులో మాట్లాడగలనా' అన్నది పల్లె పిల్లల మొదటి భయం. శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గరి పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ సర్కారు బడిలో పంతులు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా పరీక్ష తెలుగులోనే రాశారు. ఇంటర్వ్యూకూ తెలుగునే ఎంచుకుని, అనువాదకుడి సాయంతో జవాబులిచ్చారు. 2017లో వచ్చిన ఫలితాల్లో దేశంలో మూడో ర్యాంకు ఆయనదే!

భాష అడ్డం కాదని ఆయన రుజువు చేశారు. ఇక మిగిలింది చెప్పడానికి మన దగ్గర ఏముందన్నదే. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలకు ఆ లోటు లేదు. పలకల గనుల్లో కూలి ఎంతో, కాగితం, ప్లాస్టిక్ వచ్చాక ఆ పని ఏమైందో ఇంట్లోవాళ్లను అడిగినా తెలుస్తుంది.

అందుకే సెలవులకు ఇంటికొచ్చే పరీక్షార్థులు పుస్తకాలు కాసేపు పక్కనపెట్టి ఊరు తిరగడం మంచిది. కొండెక్కి శాసనాలు చూడాలి, చెరువుగట్టు మీద రైతుతో మాట్లాడాలి, కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడాలి. రేపు గెలిచి ఏ రాష్ట్రానికి కలెక్టరుగా వెళ్లినా, అక్కడా నీళ్ల కోసం ఎదురుచూసే త్రిపురాంతకం ఒకటి ఉంటుంది. దాని పేరు మాత్రమే వేరు.