కూచిపూడిలో కదిలిన బొమ్మలు

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రులో కుడివైపుకు తిరిగితే కూచిపూడి. అరవై కిలోమీటర్ల లోపే. మేము వెళ్ళింది డిసెంబరులో. దారి పొడవునా కోసి కుప్పలు వేసిన వరి, ఆ కోతచేలలోనే తలెత్తుతున్న మినుము మొక్కలు. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ఊరు. ఇంత పేరున్న గ్రామం ఇంత చిన్నదా అని మా పిల్లలు ఆశ్చర్యపోయారు. ఇళ్ళ ముందు పేర్లు చదువుకుంటూ నడిస్తే మాత్రం వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... నాట్య కార్యక్రమాల కరపత్రాల్లో మనం చూసిన ఇంటిపేర్లన్నీ ఇక్కడివే. గోల్కొండ ఏలిన తానీషా ఈ అగ్రహారాన్ని భాగవతులకు రాసి ఇచ్చాడని ఊళ్ళో చెబుతారు.

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో ఆరేళ్ళుగా, ఒకరి ఇంటి బేస్‌మెంటులో, కూచిపూడి నేర్చుకుంటోంది. పది రోజులు అక్కడి మాష్టారి దగ్గర కూర్చోబెట్టాలని మా కోరిక. పిల్ల పొద్దున ఆరింటికి పాఠానికి వెళ్ళిపోతే మాకు మిగిలిన పనులు రెండే: రామలింగేశ్వరస్వామి గుడికి వెళ్ళి రావడం, కెమెరా పట్టుకుని పాఠశాల గుమ్మంలో నిలబడడం.

మొదటిరోజు తీసిన ఫోటోలు మన ఉగాది ఫోటోల్లాగే స్పష్టంగా వచ్చాయి. సెకనులో 500వ వంతు షట్టర్. చెయ్యి లేచినది లేచినట్టే, కాలు ఎత్తినది ఎత్తినట్టే. మాష్టారికి చూపించాము. ఆయన కళ్ళజోడు సవరించుకుని, “బాగున్నాయండీ, చాలా బాగున్నాయి. మా పిల్లల్ని శిల్పాలు చేసేశారు. ఇంతకీ ఇందులో అడుగు ఏదండీ?” అన్నారు.

ఆ మాట మమ్మల్ని రెండురోజులు వదల్లేదు. లెక్క వేసి చూసుకున్నాము (మనలో సగంమంది ఇంజనీర్లమే కనుక చదువరులు విసుక్కోరని ఆశ). నాట్యం చేసే చెయ్యి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదిలిందనుకోండి. 500వ వంతు సెకనులో అది జరిగేది 4 మిల్లీమీటర్లు. 15వ వంతులో 13 సెంటీమీటర్లు, అంటే అర జానెడు కన్నా కాస్త ఎక్కువ. ఆ దూరమే బొమ్మలో తెరలా, పొగలా పడుతుంది. నిలకడగా ఉన్నది స్పష్టంగా పడుతుంది, కదిలింది చెదురుతుంది. అభినయంలో మొహం నిలిచి, చేతులు మాత్రం పారేటప్పుడు ఈ 15వ వంతు చాలు. జతులకు 4వ వంతు దాకా పోవచ్చు.

ఇది కొత్త సంగతేమీ కాదు. అలెక్సీ బ్రోడోవిచ్ అనే రష్యన్ కళాకారుడు 1935-37 మధ్య న్యూయార్కు వచ్చిన బాలే బృందాలను ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుతురులోనే, చెదిరితే చెదరనీ అని తీశాడు. 1945లో ‘బాలే’ పేరుతో వేసిన ఆ పుస్తకం 500 ప్రతులు మాత్రమే అచ్చయిందట.

మూడోరోజు నుంచి ట్రైపాడ్ వేశాము. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, పావు సెకను. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు సరిగ్గా సరిపోయింది. ట్రైపాడ్ తప్పదు. బొమ్మలో స్తంభం కూడా చెదిరితే అది మన చేతివణుకు తప్ప నాట్యం కాదు. ఇంకొకటి, కంటితో చూసి మీట నొక్కితే ఆలస్యమైపోతుంది. మాష్టారు కర్రతో వేసే తాళం విని, తీర్మానం ముగియడానికి అర మాత్ర ముందే నొక్కాలి. అప్పుడు చివరి భంగిమ నిలిచి పడుతుంది, అది వచ్చిన దారి వెనక లీలగా ఉంటుంది. గిరుక్కున తిరిగేటప్పుడు జడ ఒంటికన్నా ఒక క్షణం వెనకబడి తన సున్నా తాను చుడుతుంది. భామాకలాపంలో జడకు అంత పెద్దపీట ఎందుకు వేశారో మాకు ఆ బొమ్మల్లోనే తెలిసింది. వందకు తొంభై పనికిరావు, నిజమే. రీలుకు 36 ఫోటోలు లెక్కపెట్టుకునే రోజులైతే మాకు ఈ ధైర్యం ఉండేది కాదు.

అన్నిటికన్నా గొప్పగా వచ్చింది తరంగం. నారాయణతీర్థుల పాటకు పెద్దపిల్ల ఒకతె ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, తలమీద నీళ్ళచెంబు పెట్టుకుని చేసింది. పావు సెకను బొమ్మలో చెంబు, కళ్ళు దాదాపు నిలిచి ఉన్నాయి. మోకాళ్ళ కింద అంతా కరిగిన బంగారం. అది చూసి మాష్టారు సింహనందిని సంగతి ఎత్తారు. నేలమీద రంగుపొడి పరచి, పైన గుడ్డ కప్పి, నర్తకి దానిమీద ఆడుతూ అడుగులతోనే సింహం బొమ్మ గీస్తుంది. “మీ కెమెరా చేసేది కూడా అదేనండీ” అన్నారాయన.

మా అమ్మాయికి మాత్రం ఇవి నచ్చలేదు. “ఇందులో నా మొహమే లేదు నాన్నా, అమ్మమ్మకి ఏం చూపిస్తారు?” అని అలిగింది. ఆ బొమ్మనే మాష్టారు చాలాసేపు చూశారు. కుడిపాదం నేలమీద గట్టిగా ముద్ర వేసింది, ఎడమపాదం వట్టి పొగ. “చూడమ్మా, ఎడమకాలు నేలకి తగిలించి తీసేస్తున్నావు. బరువు వెయ్యడం లేదు. ఇన్నాళ్ళూ చెవికి ఎక్కడో తేడా వినపడుతోంది, ఎక్కడో దొరకలేదు” అన్నారు. ఎక్కువసేపు ఆనిన పాదమే గాఢంగా పడుతుంది కదా! పిల్ల మాట్లాడకుండా లేచి వెళ్ళి, ఆ ఒక్క జతి మధ్యాహ్నం దాకా వేసింది.

గుడివాడలో అమ్మమ్మకు రెండు రకాలూ ఇచ్చాము. స్పష్టంగా ఉన్నది గోడకెక్కింది. చెదిరినది మా అమ్మాయే అడిగి తెచ్చుకుని తన గజ్జెలపెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంది.

వచ్చే ఉగాదికి హైస్కూలు ఆడిటోరియంలో పిల్లల నాట్యం ఉంది. ఆ దీపాలకు ఐఎస్ఓ 200, ఎఫ్ 5.6, 15వ వంతుతో మొదలుపెట్టి చూడండి. ఫ్లాష్ కట్టేయండి, పిల్లల కళ్ళు కూడా బతుకుతాయి. ట్రైపాడ్‌లు మాత్రం దయచేసి పక్క నడవాల్లోనే. ముందు వరుసలో వేస్తే వెనక కూర్చున్న పెద్దవాళ్ళు ఊరుకోరు.